కొమ్మ పిలిచిన ఇల్లు

నెరీనా ఇరవయ్యేడేళ్లు ఆస్పత్రి వంటగదిలో పనిచేసింది. ఆ వంటగది నేలమాళిగలో ఉండేది. పై అంతస్తుల్లో డాక్టర్లకు రోగుల బంధువులు వైన్ సీసాలు, చాక్లెట్ పెట్టెలు తెచ్చిచ్చి చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. నేలమాళిగకు దారెటని అడిగినవాడు ఆ ఇరవయ్యేడేళ్లలో ఒక్కడూ లేడు. తిన్నవాడికి వండినవాళ్లు గుర్తుండరు, బతికినవాడికి తినిపించినవాళ్లు గుర్తుండరు. లోకం తీరే అంత అని ఆమె ఎప్పుడో సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడమంటే మరిచిపోవడం కాదు.

మొదటి తొమ్మిదేళ్లు పెద్ద పొయ్యిల దగ్గర గడిచాయి. తర్వాత ఆమెను ఒక మూలకు మార్చారు. నమలలేనివాళ్లకు, మింగలేనివాళ్లకు తిండి తయారయ్యే మూల అది. ఉడికిన ప్రతిదాన్నీ కరెంటు మరలో వేసి మెత్తగా చేసి, మూడు గుంటలున్న పళ్లెంలో మూడు ముద్దలు పెట్టాలి. తెల్లది, పసుపుది, ఆకుపచ్చది. తెల్లది కోడి మాంసమో చేపో. పసుపుది క్యారెట్టో గుమ్మడికాయో. ఆకుపచ్చది మాత్రం ఎప్పుడూ బఠాణీయే.

"ఏం వండావివాళ?" అని అడిగేవాడు తుల్లియో, ఆమె కోటు విప్పకముందే.

"తెల్లది, పసుపుది, ఆకుపచ్చది."

ఆయన పగలబడి నవ్వేవాడు. పద్దెనిమిదేళ్లు అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. నాలుగేళ్ల కింద ఆమె పెన్షన్ తీసుకున్నాక కూడా ఆ ఆట సాగింది, పోయిన ఆగస్టు వరకూ.

తుల్లియో ఇటలీలో పో అనే నది దిగువన, సముద్రం కంటే పల్లంగా ఉన్న పొలాల్లోంచి నీళ్లు తోడిపోసే పంపుల దగ్గర మెకానిక్. అరవైమూడేళ్లు. తిండిపోతు అంటే ఆయనకు కోపం రాదు, బిరుదిచ్చినట్టు మురిసిపోతాడు. మలుగు చేపలు బొగ్గుల మీద కాలుతుంటే పంపు శబ్దంలో తేడా కూడా వినపడదాయనకు. అలాంటి మనిషి జూలైలో మెత్తని రొట్టె మింగడానికి కూడా నీళ్ల గ్లాసు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆగస్టులో డాక్టరు గొంతులోకి దీపం వేసి చూశాడు.

నాలుక మొదట్లో గడ్డ. దాన్ని, దానితోపాటు గొంతులో కొంత భాగాన్ని తీసెయ్యాలి. తీస్తే బతుకుతాడు. తీయకపోతే ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. తీశాక కొన్నాళ్లు ముక్కులోంచి గొట్టం, ఆ తర్వాత మెత్తని తిండి. ఎన్నాళ్లని అడిగితే డాక్టరు రెండు చేతులూ విప్పి చూపించాడు. నెలలు కావచ్చు, ఎప్పటికీ కావచ్చు.

"మెత్తనిదంటే?" అని తుల్లియో డాక్టరును అడిగాడు గానీ చూపు మాత్రం పెళ్లాం మీద పెట్టాడు. తర్వాత తనే అన్నాడు, "తెల్లది, పసుపుది, ఆకుపచ్చది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

సంతకం చెయ్యమని కాగితం ఇస్తే ఆయన చెయ్యలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు నెలలు ఆ కాగితం ఆ కోటు జేబులోనే తిరిగింది. డాక్టరు ఇక ఊరుకోలేదు. అక్టోబరు ఆఖరి సోమవారంలోగా అవునో కాదో తేల్చమన్నాడు, తర్వాత కోసినా లాభం ఉండదన్నాడు.

"తేలుస్తాను," అన్నాడు తుల్లియో. "ముందు మా ఆవిణ్ణి త్రియెస్తె తీసుకెళ్లాలి. ముప్పైరెండేళ్ల బాకీ అది."

ఇరవయ్యేళ్ల వయసులో ఆయన పటాలం శిక్షణకు సముద్రం ఒడ్డున ఉన్న ఆ త్రియెస్తె నగరంలో ఏడాది ఉన్నాడు. తుపాకుల సంగతి ఒక్కటీ చెప్పడు. అక్కడ తిన్నవన్నీ చెబుతాడు. కొండమీది రైతులు ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం సొంత ఇంటి పెరటి తలుపులు తీసి, సొంత వైనూ సొంత పంది మాంసమూ సొంత గుడ్లూ పెట్టే ఒస్మిజాల గురించి పెళ్లినాటి నుంచీ చెబుతున్నాడు. నాలుగురోడ్ల కూడలిలో, గోడలకు పాకే ఐవీ తీగ కొమ్మల కట్ట వేలాడదీసి, కింద ఎర్ర బాణం గుర్తు పెడతారు. ఇంటివాళ్ల పేరుండదు, ఏమీ ఉండదు. కొమ్మ చూసుకుంటూ పోవడమే. "సిపాయిలం పదిమందిమి, సెలవురోజున కొమ్మ కోసం కుక్కల్లా కొండంతా తిరిగేవాళ్లం," అనేవాడు. ప్రతి శరదృతువూ వెళ్దామనేవాడు. ప్రతి శరదృతువూ వానలు పడి పంపులు ఆయన్ని పిలిచేవి.

ఆ సోమవారానికి ముందటి శుక్రవారం మధ్యాహ్నం త్రియెస్తెలో రైలు దిగారు. మూడు వైపులా మేడలు, నాలుగో వైపు ఉత్త సముద్రం ఉన్న ఆ పెద్ద కూడలిలో నెరీనా నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"గోడ కట్టడం మరిచిపోయారా ఏం?" అంది.

"గాలి రావడానికి వదిలారు. ఆ గాలి నువ్వు చూడలేదు. జనవరిలో ముసలాళ్లు పడిపోకుండా వీధుల్లో తాళ్లు కట్టేవాళ్లు."

"నువ్వు పట్టుకున్నావా తాడు?"

"నేను ముసలాయన్ని పట్టుకున్నాను. మంచి బరువున్నవాణ్ణి చూసుకుని."

కాఫీ తాగారు. అక్రోట్లు కూరిన తీపి రొట్టె ఒకటి ఆమె ఆయన కోసం తెప్పించింది. ఆయన కాఫీలో నానబెట్టుకుని సగం తిన్నాడు. బాగుందన్నాడు. మిగతా సగం సముద్రపు కాకులకు వేశాడు.

శనివారం ఉదయం రాతి కొన మీది తెల్ల కోట చూశారు. కోటలో రాజుగారు తన పడకగదిని ఓడలో గదిలా కట్టించుకున్నాడట. "నిజం ఓడలో పడుకోవచ్చుగా, మనిషికి ఇంత ఖర్చెందుకు?" అన్నాడు తుల్లియో గట్టిగానే. ముందు నడుస్తున్న ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. తర్వాత గుడి ఉన్న గుట్ట ఎక్కారు. మెట్ల దగ్గర ఆయన రెండుసార్లు ఆగాడు. ఆమె కూడా చెప్పులో రాయి పడినట్టు ఆగింది, రెండుసార్లూ.

మధ్యాహ్నం ఆయన ముప్పైరెండేళ్లుగా చెబుతున్న చోటికి వెళ్లారు. కౌంటరు వెనక పెద్ద గుండిగ, అందులో పంది ముక్కలన్నీ కలిసి ఉడుకుతుంటాయి. తెల్ల కోటు వేసుకున్న బట్టతలాయన మూత తీయగానే ఆవిరి లేచి అందరి కళ్లద్దాలూ మసకబారాయి.

"ఏం పెట్టమంటారు పెద్దాయనా? మెడ, పక్కటెముక, పొట్ట, నాలుక?"

"నాలుకొద్దు," అన్నాడు తుల్లియో. "నాది నాకు చాలు."

బట్టతలాయన నవ్వాడు. "మీ ఆవిడకు పెట్టనా మరి?"

"ఆవిడకు ఇప్పటికే పొడుగు."

నెరీనా నవ్వింది. నవ్వుతూనే చూసింది. మాంసం, పులియబెట్టిన క్యాబేజీ, ఆవాల ముద్ద, పైన తురిమిన ఘాటు దుంప. ఆయన పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. మింగేటప్పుడు చెవుల పక్కన దవడ బిగుసుకుంది, కుడిచెయ్యి బల్ల అంచు పట్టుకుంది. వెంటనే బీరు. మళ్లీ ముక్క, మళ్లీ బల్ల అంచు, మళ్లీ బీరు. నాలుగో ముక్క తర్వాత ఆమె టిష్యూ కాగితం కోసం అటు తిరిగి, ఇటు తిరిగేసరికి ఆయన పళ్లెంలో మాంసం లేదు. క్యాబేజీ మాత్రం కుప్పగా, ఇందాకటి కంటే ఎత్తుగా ఉంది.

సాయంత్రం సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి వంతెన చివరిదాకా నడిచారు. ఎండ ఇంకా ఉంది. జంటలు ఫొటోలు తీసుకుంటున్నాయి.

"మాంసం క్యాబేజీ కింద దాచావు," అంది నెరీనా.

"ఏం మాంసం?"

"బళ్లో పిల్లల్లా. నాకు కనపడదనుకున్నావా? ఇరవయ్యేడేళ్లు తిరిగొచ్చిన పళ్లేలు చూశాను. ఎవడు తిన్నాడో ఎవడు దాచాడో మూత తీయకుండా చెప్పగలను."

తుల్లియో నీళ్ల వైపు చూశాడు.

"నొప్పా?"

"గాజుపెంకు మింగినట్టుంది."

"ఇంటికి పోదాం పద."

"పోను. రేపు కొండెక్కాలి. గుడ్డు మెత్తగానే ఉంటుంది. రొట్టె వైన్‌లో ముంచుకుంటాను."

"అక్కడా ఇంతే అయితే?"

"అయితే సోమవారం ఫోన్ చేసి, కోత వద్దని చెప్తాను." చాలా మామూలుగా అన్నాడు, పంపుకి కొత్త బెల్టు వద్దన్నట్టు. "ఉన్న ఏడాది ఉన్నట్టు పోనీ. ఆ మూడు ముద్దలూ మింగుతూ పదేళ్లు కూర్చోమంటావా? నువ్వే కదా అన్నావు."

"నేనేమన్నాను?"

"ఆ శీతాకాలం, నీ చెయ్యి కాలినప్పుడు. సోఫాలో కూర్చుని అన్నావు. అది తిని బతకడం బతుకు కాదు తుల్లియో, నాకా గతి పడితే మొహమ్మీద దిండు పెట్టి నొక్కెయ్ అని."

నెరీనాకు గుర్తుంది. ఆ రోజు సూపర్వైజరు అందరి ముందూ అరిచాడు. చెయ్యి బొబ్బలెక్కి మండుతోంది. నూట పది పళ్లేలు పంపితే అరవై ముట్టుకోకుండా తిరిగొచ్చాయి. కసి కొద్దీ అన్న మాట అది. పన్నెండేళ్ల కింద గాలికి వదిలిన మాటను ఈ మనిషి తీసుకుని దాచుకున్నాడు. ఇప్పుడు దాన్నే పట్టుకుని చావడానికి సిద్ధంగా ఉన్నాడు.

"అలసిపోయి అన్నాను," అంది.

"అలసినప్పుడే మనిషి నిజం చెబుతాడు."

వెనక్కి నడిచేటప్పుడు నెరీనా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు, అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు.

ఆదివారం పొద్దున బస్సు వాళ్లను కొండమీద ఒక చిన్న ఊరి మొగలో దించేసింది. ఎముకల్లా తెల్లటి రాళ్లు, రాళ్ల మధ్య ఎర్రబడ్డ పొదలు. కూడలి స్తంభానికి ఐవీ కట్ట వేలాడుతోంది, కింద ఎర్ర బాణం. దాన్ని చూడగానే తుల్లియో మొహం ఇరవయ్యేళ్ల వాడిదైంది.

"చూశావా? చూశావా? ఇంకా ఉన్నాయి!"

కొమ్మ ఆకులు కాస్త వాడినట్టున్నాయని నెరీనాకు అనిపించింది. అయినా ఆయన సంబరం వెంట నడిచింది. రెండో కొమ్మ, మూడో కొమ్మ దాటి, రాతి గోడల మధ్య సందులోంచి ఒక పెద్ద కలప ద్వారం దగ్గరికి వచ్చారు. ద్వారం సగం తీసి ఉంది. లోపల పెరట్లో బల్లలు ఒకదాని మీదొకటి బోర్లించి ఉన్నాయి. యాభై ఏళ్ల మనిషి ఒకడు మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని గొట్టంతో పీపాలు కడుగుతున్నాడు. వంటింటి గుమ్మంలో పొట్టి ముసలావిడ, కుడి మణికట్టుకు కట్టుతో, నిలబడి ఉంది.

"మూసేశాం నాయనా. గురువారంతో అయిపోయాయి మా రోజులు."

"కొమ్మ వేలాడుతోంది కదమ్మా," అన్నాడు తుల్లియో.

"ఏ కొమ్మ?"

"కూడలిలో. బాణం కూడా ఉంది."

ముసలావిడ మెల్లగా పీపాల వైపు తిరిగింది. "స్తోయాన్! కొమ్మ తీశావా?"

గొట్టంలో నీళ్లు ఆగాయి. "నువ్వు తీయించావనుకున్నాను."

"ఈ చెయ్యి పెట్టుకుని నేను స్తంభం ఎక్కుతానా? డెబ్బై ఎనిమిదేళ్లు నాకు!"

"నిన్న దానిమ్మ చెట్టెక్కినదానివి, స్తంభమెక్కలేవా? ఆ చెయ్యి ఎలా వాచిందో చెప్పనా వీళ్లకి?"

"నోర్ముయ్యి. మూడు రోజులు! దారినపోయేవాళ్లందరినీ మూడు రోజుల్నుంచి అబద్ధంతో పిలుస్తున్నాం. మీ నాన్న ఉంటే నిన్ను ఆ స్తంభానికే కట్టేసేవాడు."

"నాన్న కూడా రెండుసార్లు మరిచిపోయాడమ్మా."

"ఆయన తాగి మరిచాడు. నువ్వు తాగకుండా మరిచావు. ఏది పెద్ద తప్పు?"

తుల్లియో టోపీ తీశాడు. పోనీండమ్మా, మళ్లీ వస్తాం అన్నాడు. ఆయన ముఖంలో నిరాశ ఉంది గానీ, గట్టి రొట్టె మింగే పని తప్పినందుకు భుజాలు కొంచెం దిగాయి కూడా. నెరీనా రెండూ చూసింది. ఇక అంతే, ఫోన్ చేసేస్తాడు, అనుకుంది.

"ఎక్కడికి పోతారు?" అంది ముసలావిడ. "కొమ్మ నాది. పిలిచింది అదే. ఇప్పుడు నేను పొమ్మంటే ఆ మాట నాలుగూళ్లు తిరుగుతుంది. అమ్మకూడదు, రోజులు అయిపోయాయి కాబట్టి. ఇంట్లో తింటుంటే కూర్చోబెట్టుకోవద్దని ఏ చట్టమూ లేదు. జేబులో చెయ్యి పెట్టారంటే మాత్రం ఈ మంచి చెయ్యి చూస్తారు. నా పేరు జోర్కా. రండి."

వంటింట్లో పొయ్యి మీద పెద్ద కుండ ఉడుకుతోంది. పొగపట్టిన ఎముక వాసన, పులిసిన క్యాబేజీ వాసన. ఒస్మిజా రోజుల్లో ఇలాంటి వేడి వంట ఎవరికీ పెట్టరు. ఇది ఆదివారం ఇంటివాళ్ల భోజనం, చిక్కుడు గింజలూ క్యాబేజీ కలిపి కాచే యోతా అనే చారు. జోర్కా ఇంకో పాత్రలోంచి ఉడికిన చిక్కుడు గింజలు ఒక గిన్నెలోకి ఒంపింది. అడుగున చిల్లులు, మధ్యలో తిప్పే పిడి. పిడి తిప్పితే లోపలి రేకు గింజల్ని నలిపి కిందికి దించుతుంది. ఒంటిచేత్తో పిడి పట్టుకోగానే గిన్నె బల్ల మీద గింగిర్లు తిరిగింది.

"చేతులు కడుక్కో అమ్మాయ్," అంది నెరీనాతో. "నేను గిన్నె పట్టుకుంటాను, నువ్వు తిప్పు."

నెరీనా కదల్లేదు. పెన్షన్ తీసుకున్నాక నాలుగేళ్లలో ఆమె ఇంట్లో ఏ కూరగాయనూ మెదపలేదు. బంగాళాదుంపను కూడా ముక్కలుగానే వండింది. ఆ మెత్తని ముద్ద చిల్లుల్లోంచి దిగడం చూస్తే ఆమెకు నేలమాళిగ ట్యూబు లైటు గుర్తొస్తుంది. పైగా ఇవాళ, బెంచీ మీద తుల్లియో కూర్చుని చూస్తుండగా.

"ఏం, చేతకాదా?" అంది జోర్కా.

బెంచీ మీంచి తుల్లియో జవాబిచ్చాడు, "ఆవిడకు చేతకాకపోతే ఇటలీలో ఎవరికీ చేతకాదు."

నెరీనా చేతులు కడుక్కుంది.

"ఎంత మెదపాలి?"

"సగం. సగం గింజలు అలాగే ఉండాలి. అన్నీ గింజలే అయితే నీళ్లలో ఈదుతుంటాయి, చారుకు పట్టు ఉండదు. మెదిపిందే దీని ప్రాణం."

నెరీనా తిప్పింది. మూడు చుట్లు ముందుకు, ఒక చుట్టు వెనక్కి, అప్పుడే పొట్టు రేకుకి అంటుకోదు. జోర్కా నెరీనా మణికట్టు వైపే చూసింది. గింజల గంధపు రంగు ముద్ద కింది పాత్రలోకి దిగుతుంటే దాంట్లోంచి వెల్లుల్లి, బిర్యానీ ఆకు వాసన లేచింది. మెదిపినకొద్దీ వాసన పెరిగింది. నెరీనా అది గమనించి ఒక క్షణం ఆగింది. మళ్లీ తిప్పింది.

"వెనక్కి తిప్పడం మా అత్త చచ్చేదాకా నాకు చెప్పలేదు," అంది జోర్కా. "ఎక్కడ నేర్చావు?"

"ఆస్పత్రిలో. మింగలేనివాళ్లకు చేసేదాన్ని. పద్దెనిమిదేళ్లు."

"మంచి పని."

"మంచి పనా?" నెరీనా గొంతు మొరటుగా వచ్చింది. "దాన్ని ఎవరూ అలా అనలేదు."

"అనాల్సినవాళ్ల పొట్ట నిండి ఉంటుంది, వాళ్లేమంటారు?" జోర్కా గరిటెతో కుండలో కలిపింది. "ఇంకో దోసెడు వెయ్యి. అది నాకు. నాది పూర్తిగా మెదపాలి, ఒక్క గింజ ఉండకూడదు. పైన నాలుగు పళ్లు, కింద సున్నా. కట్టుడు పళ్లు పెట్టించారు, కోళ్ల దగ్గర పోగొట్టుకున్నాను."

"పోగొట్టుకోలేదు, విసిరేసింది," అన్నాడు స్తోయాన్ లోపలికి వస్తూ.

"పదకొండేళ్లుగా మెదిపిందే తింటున్నాను. మొగుణ్ణి పాతిపెట్టాను, ముగ్గురు మేయర్లను మార్చాను, వీడి రెండు పెళ్లిళ్లు చూశాను. రుచి లేకుండా పెట్టాడంటే చెంచా తీసి వీడి మీద విసురుతాను."

"గురి మాత్రం తప్పలేదు," అన్నాడు స్తోయాన్, నుదురు చూపిస్తూ.

బల్ల దగ్గర నాలుగు పళ్లేలు పెట్టారు. జోర్కా తన చిన్న కుండ వేరుగా దించుకుంది. స్తోయాన్ తుల్లియో పళ్లెంలో పెద్ద కుండలోంచి వడ్డించబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పొగపట్టిన మాంసం ముక్కలు, గుండ్రటి గింజలు, పొడుగాటి క్యాబేజీ. వద్దంటాడు, ఆకలి లేదంటాడు, ఏదో ఒక అబద్ధం చెబుతాడు, అనుకుంది నెరీనా. ఆమెకు ఆ పూట మొదటిసారి భయం వేసింది.

"అమ్మా," అన్నాడు తుల్లియో. "మీ కుండలోంచి పెడతారా?"

జోర్కా ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. "పళ్లున్నాయిగా?"

"పళ్లున్నాయి. గొంతు బాగోలేదు."

జోర్కా చిన్న కుండ ఆయన ముందుకు జరిపింది. "సగం నీది. నా సగం జోలికి రాకు."

మొదటి చెంచా. నెరీనా తన పళ్లెం వైపు చూడలేదు. దవడ చూసింది, చెయ్యి చూసింది. చెయ్యి బల్ల అంచు మీదికి వెళ్లింది, అలవాటుగా. కానీ బిగియలేదు. రెండో చెంచా. మూడో చెంచా తర్వాత ఆ చెయ్యి బల్ల అంచు వదిలి రొట్టె ముక్క తీసుకుని, చారులో వేసి, అది కరిగేదాకా ఆగింది.

"మాంసం లేదు గదా ఇందులో, పొగ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాడు. పంపు ఎందుకు తిరుగుతోందో కనుక్కునే గొంతు అది.

"గింజలు ఉడికింది ఎముకతోనే," అంది జోర్కా. "ముక్క తీసేస్తే పోయేది ముక్కే."

మళ్లీ తిన్నాడు. పళ్లెం వంచి అడుగున ఉన్నది కూడా చెంచాతో గీకాడు. జూలై తర్వాత ఆ చప్పుడు నెరీనా వినలేదు. ఆమె గబగబా రెండు చెంచాలు నోట్లో కుక్కుకుంది, ఏడుపు ఆపుకోడానికి. అప్పుడు తెలిసింది ఆమెకు, ఇంత పులుపు, ఇంత కమ్మదనం ఉన్న చారు తను కూడా ఎన్నడూ తినలేదని.

"నెరీనా," అన్నాడు తుల్లియో ఉన్నట్టుండి. "మీ ఆకుపచ్చదానికి రుచి ఉండేదా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

"పుదీనా వేసేదాన్ని," అంది. "వెయ్యకూడదు. కాగితంలో ఉన్నదే వెయ్యాలి. మన కిటికీ దగ్గరి కుండీలోంచి కోసుకుని పొద్దున్నే జేబులో వేసుకుని పోయేదాన్ని. మంగళవారాలు నిమ్మతొక్క. గుమ్మడికాయలో జున్ను తురిమేదాన్ని, సూపర్వైజరు సిగరెట్టుకు వెళ్లినప్పుడు."

"నా జున్నా? నేను దాచిపెట్టుకున్నదా?"

"నీ జున్నే. ఎలకలు తింటున్నాయని గోల పెట్టి బోను కొన్నావు."

స్తోయాన్ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేశాడు. తుల్లియో మాత్రం నవ్వలేదు. "తిన్నారా వాళ్లు?" అని అడిగాడు.

"తిన్నారు. పుదీనా వేసిన రోజు ఆకుపచ్చ గుంట తుడిచినట్టు వచ్చేది. మూడో అంతస్తులో ఒకావిడ ఉండేది, మాట లేదు. తిన్న పళ్లెంలో చెంచాను బోర్లించి పంపేది, పుదీనా ఉన్న రోజుల్లో మాత్రమే. ఏడు నెలలు. తర్వాత నడుచుకుంటూ ఇంటికి పోయిందని చెప్పారు. తిరిగొచ్చిన పళ్లేలే నాకు గుర్తుండిపోయాయి. ముట్టనివి. వాటి మీద కసితో నీతో ఆ మాట అన్నాను. తుడిచిపెట్టిన పళ్లేల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. అది నా తప్పు."

తుల్లియో తన పళ్లెం జోర్కా ముందుకు తోశాడు.

"మీ సగం జోలికి రావద్దన్నారు. కొంచెం వస్తాను."

"సిగ్గులేదు ఈయనకి," అంది జోర్కా, వడ్డిస్తూ. "అమ్మాయ్, గింజలున్నాయింకా. తిప్పు."

నెరీనా లేచి తిప్పింది.

వెళ్లేటప్పుడు జోర్కా ఒక సీసాలో పులియబెట్టిన క్యాబేజీ కట్టిచ్చింది, తినే ముందు కడగమని, కడిగితే మరీ ఎక్కువ కడగవద్దని, అసలు ఎవరికి చెబుతున్నానులే అని. నెరీనా ఆవిడ మంచి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఏదో అనాలనుకుంది. ఆస్పత్రి పై అంతస్తుల్లో బంధువులు ఏమనేవాళ్లో ఆమెకు తెలియదు, ఆమె ఎన్నడూ అక్కడ లేదు. అందుకని, "మీ యోతా చాలా బాగుంది," అంది.

"నువ్వు చేసిందే గదా," అంది జోర్కా.

బస్సు స్టాపులో ఎండ వెచ్చగా ఉంది. తుల్లియో సీసాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు మీద సైకిళ్లవాళ్లు నలుగురు పోయారు.

"రేపు డాక్టరుకు ఫోన్ చేస్తానన్నాను," అన్నాడు ఆయన.

"అన్నావు."

"ఫోన్ వద్దు. పొద్దున్నే వెళ్దాం. ఆయన్ని కొన్ని అడగాలి."

నెరీనా ఆయన వైపు తిరగలేదు. తిరిగితే ఆ మాట ఆగిపోతుందేమోనని రోడ్డు వైపే చూస్తూ అడిగింది, "ఏమిటవి?"

"గొట్టం ఎన్ని వారాలుంటుంది. తీశాక ఎన్నో రోజు నుంచి చారు తాగొచ్చు. పులుపు పడుతుందా, పడదా. పొగపట్టిన ఎముక వెయ్యొచ్చా." లోపలి జేబులోంచి మడతలు నలిగిపోయిన ఆ సంతకం కాగితం తీశాడు. "కలం ఉందా నీ దగ్గర?"

ఆమె సంచి మొత్తం వెతికింది. తాళాలు, రైలు టికెట్లు, దగ్గు బిళ్లలు, అన్నీ ఉన్నాయి, కలం లేదు.

"ఇరవయ్యేడేళ్లు ఉద్యోగం చేశావు, ఒక కలం లేదా?"

"వంటగదిలో కలంతో ఏం పని? బస్సు డ్రైవర్ని అడుగుదాం. అయినా ఎముక సంగతి డాక్టరుకేం తెలుసు? అది నన్నడుగు."

"నిన్ను ఇంటికెళ్లాక అడుగుతాను. చాలా ఉన్నాయి అడగాల్సినవి. ఆ మంగళవారం నిమ్మతొక్క దేంట్లో వేసేదానివి?"

"చేపలో."

"మంచిపని చేశావు," అన్నాడు తుల్లియో. మలుపు దగ్గర బస్సు కనిపించింది. ఆయన సీసా చంకలో పెట్టుకుని, డ్రైవరు ఆపకుండా వెళ్లిపోతాడేమో అన్నట్టు రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యెత్తి నిలబడ్డాడు.